పాత కారు రంగు, ఇప్పటి కారు రంగు: చెన్నైలో తరచుగా అడిగే ప్రశ్నలు

తాతగారి ఫియట్, మామయ్య వాడిన అంబాసిడర్, ఎవరో అమ్మేస్తుంటే కొన్న స్టాండర్డ్ హెరాల్డ్. చెన్నైలో పాత కార్లున్న తెలుగువాళ్లం కలిస్తే ఇంజిన్ కన్నా రంగు గురించే ఎక్కువసేపు మాట్లాడుకుంటాం. అడిగేవాళ్లు మారుతుంటారు గానీ సందేహాలు మాత్రం అవే. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పాత కారు రంగంటే షేడ్ ఒక్కటే కాదు, ఆ పెయింట్ ఏ రకందో, ఎన్ని పొరలుగా వేశారో కూడా అందులో భాగమే. షేడ్ సరిగ్గా కుదిరినా పెయింట్ రకం తప్పితే కారు పాతదిలా కనిపించదు.

## తేడా ఎక్కడుంది

పాత కార్ల రంగు చూడగానే వేరేగా అనిపిస్తుంది. నిజంగా తేడా ఉందా, మన భ్రమా?

ఉంది. పాత కార్లకి రంగు, మెరుపు రెండూ ఒకే పెయింట్‌లో ఉండేవి. ప్రైమర్ (రేకు మీద మొదట వేసే పూత) మీద అదే పెయింట్‌ని కోటింగ్ మీద కోటింగ్ కొట్టి, ఆరాక రుద్ది మెరుపు తెచ్చేవాళ్లు. అంటే మీ వేలు తగిలేది నేరుగా రంగుకే.

ఇప్పటి కార్లలో రంగు పొర విడిగా, మెరుపు పొర విడిగా ఉంటాయి. ఫ్యాక్టరీ పెయింట్ మొత్తం మందం దాదాపు 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). అందులో రంగున్న బేస్ కోట్ 15-20 మైక్రాన్లే. దాని మీద 40-50 మైక్రాన్ల క్లియర్ కోట్, అంటే రంగులేని మెరుపు పొర. అందుకే కొత్త కారు మీద ముందు పైనున్న మెరుపు కనిపించి, ఆ తర్వాత రంగు కనిపిస్తుంది. పాత కారు మీద ముందు కనిపించేదే రంగు. దగ్గరికి వెళ్లి ఏటవాలుగా చూడండి, ఈ తేడా బాగా తెలుస్తుంది.

ఆ రోజుల్లో కార్లన్నీ నల్లగానే ఉండేవట కదా?

కాదు. ఆ మాట ఫోర్డ్ మోడల్ టీ వల్ల వచ్చింది. అది కూడా 1914 నుంచి 1925 దాకానే నలుపు ఒక్క రంగులో వచ్చింది. అంతకుముందు ఎరుపు, ఆకుపచ్చ, బూడిద రంగుల్లో ఉండేది, 1926లో మళ్లీ రంగులు వచ్చాయి. ఆ నల్ల పెయింట్ చవక, పైగా గట్టిది.

అసలు మలుపు 1923లో వచ్చింది. డ్యూపాంట్ తయారుచేసిన డ్యూకో అనే, తొందరగా ఆరే నైట్రోసెల్యులోజ్ లాకర్ పెయింట్‌ని జనరల్ మోటార్స్ తన ఓక్లాండ్ కార్ల మీద వాడింది. రంగు పేరు ట్రూ బ్లూ. అంతకుముందు బ్రష్షుతో వార్నిష్ వేసి, ఆరబెట్టి, మళ్లీ వేసి వారాల తరబడి చేసే పని గంటల్లోకి వచ్చేసింది. కొత్త కొత్త రంగులు దొరకడం అక్కడి నుంచే మొదలైంది.

పాతవాటిలో క్రీమ్, లేత నీలం, మెరూన్ లాంటి రంగులే ఎందుకు ఎక్కువ?

ఏ కాలంలో ఏ పిగ్మెంట్ (పెయింట్‌కి రంగునిచ్చే పొడి) దొరికితే ఆ రంగులే వచ్చేవి. మంచి తెలుపునిచ్చే టైటానియం డయాక్సైడ్ పెయింట్లలోకి వచ్చింది 1920ల తర్వాతే. అంతకుముందు తెలుపంటే ఎక్కువగా సీసం కలిసిన తెలుపే. ఎండకి, వానకి నిలిచే ముదురు నీలం, ఆకుపచ్చలకి ఆధారమైన థాలోసయనిన్ పిగ్మెంట్లు 1930ల మధ్యలో మార్కెట్లోకి వచ్చాయి. నిలకడైన ఎరుపు, మెజెంటాలనిచ్చే క్వినాక్రిడోన్లు 1958లో వచ్చాయి. అంతకుముందు ఎరుపు కార్లు తొందరగా వెలిసిపోయేవి. పసుపు, నారింజ రంగులకి ఎక్కువగా సీసం క్రోమేట్లు వాడేవాళ్లు.

మెరిసే ముత్యపు రంగు కోసం 1920ల చివర్లో చేప పొలుసుల నుంచి తీసిన పదార్థం కలిపేవాళ్లు. అది ఖరీదైన కార్లకే పరిమితం. ఇప్పుడు ఆ పని టైటానియం డయాక్సైడ్ పూత ఉన్న మైకా రేణువులు చేస్తున్నాయి. ఇంకా మెరుపు కావాలంటే క్సిరాలిక్ అనే అల్యూమినా రేణువులు. 2011 మార్చిలో జపాన్ భూకంపం వచ్చినప్పుడు అక్కడి ఒనహామాలో ఉన్న మెర్క్ కంపెనీ ప్లాంట్ ఆగిపోయింది. అప్పట్లో ఈ రేణువులు తయారయ్యేది అక్కడే. దాంతో ఫోర్డ్ ఒక నలుపు షేడ్‌కీ, కొన్ని ఎరుపు షేడ్‌లకీ ఆర్డర్లు తీసుకోవడం ఆపేసింది.

మరి ఇప్పుడు రోడ్డు మీద అన్నీ తెలుపు, బూడిద రంగులేనేంటి?

ప్రపంచమంతా అలాగే ఉంది. కార్ల పెయింట్లు తయారుచేసే యాక్సాల్టా కంపెనీ ఏటా ఇచ్చే లెక్కల ప్రకారం 2011 నుంచి తెలుపుదే మొదటి స్థానం. తిరిగి అమ్మేటప్పుడు ఇబ్బంది ఉండదు, గీతలు తొందరగా కనిపించవు, టాక్సీలకీ కంపెనీ కార్లకీ అదే కొంటారు. మనకైతే ఎండ కూడా ఒక కారణమే. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ ఒకే మోడల్ కార్లు రెండు, ఒకటి నలుపు, ఒకటి వెండి రంగు, ఎండలో పెట్టి కొలిచింది. వెండి రంగు కారు లోపల గాలి 5-6 డిగ్రీలు చల్లగా ఉంది. మే నెలలో చెన్నై ఎండలో ఆ తేడా చిన్నదేం కాదు.

పాత రంగుల్ని దగ్గరగా చూడాలంటే చెన్నైలో ఎక్కడికి వెళ్లాలి?

వడపళనిలో ఏవీఎం స్టూడియో వాళ్లు 2023లో తెరిచిన హెరిటేజ్ మ్యూజియంలో పాత కార్లున్నాయి. మద్రాస్ హెరిటేజ్ మోటరింగ్ క్లబ్ ప్రదర్శనలు పెట్టినప్పుడు వెళ్తే ఓనర్లతోనే మాట్లాడొచ్చు. ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి. ప్రదర్శనలో పెట్టిన కార్లలో చాలావాటికి మళ్లీ పెయింట్ వేయించి ఉంటారు. "ఇది కంపెనీ పెయింటా, తర్వాత వేయించారా?" అని అడిగి తెలుసుకున్నాకే మీ కారుతో పోల్చుకోండి.

## కొనేటప్పుడు, పరీక్షించేటప్పుడు

కారు మీద ఉన్నది ఒరిజినల్ పెయింటో, తర్వాత కొట్టించిందో ఎలా తెలుస్తుంది?

తలుపు రబ్బర్లు కొంచెం పైకెత్తి కింద చూడండి. అక్కడ వేరే రంగో, టేపు అంచు గీతో కనిపిస్తే మళ్లీ కొట్టించినట్టే. అద్దాల రబ్బర్ల మీద, వైరింగ్ మీద, చాసిస్ మీద రంగు తుంపర పడిందేమో చూడండి. పెయింట్ మందం కొలిచే చిన్న మీటర్లు దొరుకుతాయి. 200 మైక్రాన్లు దాటితే సాధారణంగా రెండోసారి పెయింట్ పడినట్టు. వెయ్యి దాటిందంటే కింద పుట్టీ ఉంది. మీటర్ లేకపోతే పల్చటి గుడ్డ చుట్టిన అయస్కాంతం పెట్టి చూడండి, పుట్టీ మందంగా ఉన్నచోట సరిగ్గా పట్టుకోదు.

ఎన్‌సీయా, ఎనామెలా, టూ-కేనా అని పెయింటర్ అడుగుతున్నాడు. నాకెలా తెలుస్తుంది?

డిక్కీ లోపల కనిపించని మూల చూసుకుని, తెల్ల గుడ్డని లాకర్ థిన్నర్‌లో తడిపి కాసేపు రుద్దండి. రంగు కరిగి గుడ్డకి ధారాళంగా అంటితే ఎన్‌సీ, అంటే నైట్రోసెల్యులోజ్ లాకర్. మెత్తబడి ముడత పడితే ఎనామెల్. ఏమీ కాకపోతే హార్డెనర్ (పెయింట్‌ని గట్టిపరిచే ద్రవం) కలిపిన టూ-కే.

క్లియర్ కోట్ ఉందో లేదో తెలుసుకోవడం ఇంకా తేలిక. కొంచెం పాలిష్ పెట్టి తెల్ల గుడ్డతో రుద్దండి. గుడ్డకి కారు రంగు అంటితే పైన క్లియర్ లేదు. ఎంత రుద్దినా గుడ్డకి రంగు రాకపోతే పైన క్లియర్ ఉంది.

మా ఫియట్ అసలు రంగేంటో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. ఎలా కనిపెట్టాలి?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. నాకు చాలా ఇష్టమైన పని కూడా ఇదే.

ముందు రుద్దకుండా దొరికే చోట్లు చూడండి. డ్యాష్‌బోర్డ్ కింది రేకు, గ్లవ్ బాక్స్ వెనక, వెనక సీటు తీస్తే కనిపించే నేల, తలుపు ప్యాడ్ లోపలి వైపు, టెయిల్ ల్యాంప్ బిగించినచోట వెనక భాగం. మళ్లీ పెయింట్ కొట్టేవాళ్లు వీటిని చాలావరకు వదిలేస్తారు. పైగా ఇక్కడ ఎండ తగలదు కాబట్టి రంగు వెలిసిపోకుండా ఉంటుంది.

అక్కడ దొరక్కపోతే తలుపు సందులో, మూస్తే కనిపించని చోట, రూపాయి బిళ్లంత మేర రుద్దాలి. 400 నంబర్ వాటర్ పేపర్‌ని (తడిపి రుద్దే గరుకు కాగితం) నీళ్లలో తడిపి, వేలికి చుట్టి, గుండ్రంగా, నెమ్మదిగా రుద్దండి. మధ్యలో ఎక్కువ, అంచుల్లో తక్కువ. రేకు కనిపించగానే ఆపేసి, 1000 నంబర్‌తో చదును చేసి తుడిస్తే, చెట్టు మాను కోసినప్పుడు కనిపించే వలయాల్లా రంగులన్నీ బయటపడతాయి. పైనున్నది తెలుపు, దాని లోపల ఒక నీలం, సన్నటి బూడిద ప్రైమర్, మళ్లీ మెరూన్, చివరికి లేత ఆకుపచ్చ. రేకుకి దగ్గరగా ఉన్న ప్రైమర్‌ని ఆనుకున్న మొదటి రంగే కారు పుట్టినప్పటి రంగు. అయితే ఒకచోట చూసి నిర్ణయానికి రావద్దు. తలుపు, బానెట్, డిక్కీ మూడుచోట్లా అదే రంగు రావాలి. తలుపు ఎప్పుడో పుదుపేట పాత సామాన్ల షాపుల్లో కొని మార్చి ఉంటే అది వేరే కథ చెబుతుంది.

ఇంట్లో ఉన్న పాత కలర్ ఫొటోల్ని షేడ్ కోసం నమ్మొద్దు. ఆ ప్రింట్లు వెలిసి ఎర్రబారుతాయి. కారు రెండు రంగుల్లో ఉండేదా, టాప్ వేరే రంగా అన్నది తెలుసుకోవడానికి మాత్రం బాగా పనికొస్తాయి. పాత ఆర్‌సీ పుస్తకంలో రాసిన రంగు కూడా చూడండి.

పాత పెయింట్‌లో సీసం ఉంటుందంటారు. నిజమా?

చాలావాటిలో ఉంటుంది, ముఖ్యంగా పసుపు, నారింజ, కొన్ని ఆకుపచ్చ, ఎరుపు షేడ్లలో. పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఇల్లంతా చేరుతుంది. తడిపే రుద్దండి, ఆ నీళ్లు తులసికోట దగ్గరికో మొక్కల్లోకో పోనివ్వకండి. చిన్నపిల్లలున్న ఇంటి పోర్టికోలో ఈ పని అసలు పెట్టుకోవద్దు.

## రంగు కలిపించి, వేయించేటప్పుడు

కంప్యూటర్ మిక్సింగ్‌లో పెడితే అదే రంగు వచ్చేస్తుంది కదా?

దగ్గరగా వస్తుంది. మెషిన్ కొలిచేది ఇప్పుడున్న రంగుని. అంటే యాభై ఏళ్ల ఎండకి వెలిసిన షేడ్‌నే కొలిచి ఇస్తుంది. అందుకే ఎండ తగలని భాగాన్ని ముందు పాలిష్ చేసి, ఆ తర్వాత కొలిపించాలి.

ఇంకో సమస్య ఏంటంటే, పాత పిగ్మెంట్లు ఇప్పుడు దొరకవు. వేరే పిగ్మెంట్లతో అదే షేడ్ తెస్తే, షాపులో ట్యూబ్‌లైట్ కింద రెండూ ఒకటే అనిపిస్తాయి, బయటికి తెస్తే ఒకటి పచ్చగా, ఇంకోటి నీలంగా తేలతాయి. కాబట్టి పొద్దున పదింటికి ఒకసారి ఎండలో, ఒకసారి నీడలో, సాయంత్రం వీధి లైటు కింద ఇంకోసారి చూడండి.

చిన్న కాగితం మీద కొట్టిన శాంపిల్ చూసి సరే అనేయకండి. పుదుపేటలో పాత సామాన్ల షాపుల్లో అదే మోడల్‌దో, కనీసం అదే కాలానిదో ఒక పనికిరాని తలుపు కొని తెచ్చి, దాని మీద కొట్టించి చూడండి. వంపు తిరిగిన రేకు మీద రంగు కనిపించే తీరే వేరు. ఈ కాస్త ఖర్చుకి వెనకాడితే తర్వాత కారంతా మళ్లీ కొట్టించాల్సి రావచ్చు.

పాత కారుకి మెటాలిక్ కొట్టిస్తే ఇంకా బాగుంటుంది కదా?

వద్దు. మీ కారు మీ ఇష్టమే, అయినా వద్దనే చెబుతాను. అంబాసిడర్, ఫియట్ 1100 లాంటి కార్ల ఒళ్లంతా గుండ్రటి వంపులే. ప్లెయిన్ రంగు ఉంటే ఆ వంపు మీద వెలుగు నుంచి నీడకి నెమ్మదిగా జారుతుంది. అల్యూమినియం రేణువులున్న పెయింట్ పడితే నేరుగా చూసినచోట తెల్లగా, పక్కగా చూసినచోట నల్లగా మారి, ఆకారం ముక్కలైపోతుంది.

మెటాలిక్ పెయింట్లు కొన్ని విదేశీ కార్ల మీద 1930ల్లోనే ఉన్నాయి. మీ కారుకి కంపెనీ అదే ఇచ్చిందని తేలితే అప్పుడు కొట్టించండి. ఇంకో చిక్కు కూడా ఉంది. మెటాలిక్‌కి ఒకచోట గీత పడితే అక్కడికే టచప్ చేసి వదిలేయడం కుదరదు, పక్క ప్యానెల్‌లోకి కూడా కలుపుకుంటూ పోవాలి.

అప్పటిలా ఎన్‌సీ కొట్టించాలా, ఇప్పటి టూ-కే కొట్టించాలా?

కారు షెడ్‌లోనే ఉండి, ప్రదర్శనలకి మాత్రమే బయటికొస్తే ఎన్‌సీకి నా ఓటు. ఆ లోతు, రుద్దేకొద్దీ వచ్చే ఆ మెత్తటి మెరుపు ఇంకే పెయింట్‌లోనూ రావు. చిన్న గీత పడినా అక్కడికక్కడే సరిచేసుకోవచ్చు, ఎందుకంటే కొత్త కోటింగ్ కింది దాన్ని కరిగించి కలిసిపోతుంది. కాకపోతే పెట్రోల్ చిందితే మరక పడుతుంది, మందంగా కొడితే కొన్నేళ్లకి సన్నటి పగుళ్లు వస్తాయి, ఎండలో నిలబెడితే మెరుపు పోతుంది.

ఆదివారమైతే ఈసీఆర్ మీద తిప్పాలి, బీసెంట్ నగర్‌లోనో తిరువాన్మియూర్‌లోనో సముద్రపు గాలిలో ఆపాలి అనుకుంటే టూ-కేనే నయం. అయితే పెయింటర్‌కి స్పష్టంగా చెప్పండి: "సాలిడ్ కలర్, డైరెక్ట్ గ్లాస్ (gloss, అంటే మెరుపు), పైన క్లియర్ వద్దు." రంగూ మెరుపూ ఒకే పెయింట్‌లో ఉండే టూ-కే దొరుకుతుంది. ఆరాక 1500, 2000 నంబర్ పేపర్లతో తడిపి రుద్ది, కాంపౌండ్‌తో పాలిష్ చేయిస్తే పాత పెయింట్‌కి చాలా దగ్గరగా వస్తుంది. పైన క్లియర్ కొడితే త్వరగా అయిపోతుందని చాలా షెడ్లలో దానికే మొగ్గుతారు. అక్కడ మాత్రం పట్టు విడవకండి.

పాత పెయింట్ మీదే కొట్టేయొచ్చా, రేకు దాకా తీయాలా?

కింద ఎన్‌సీ ఉంటే దాని మీద నేరుగా టూ-కే కొట్టించొద్దు. కొత్త పెయింట్‌లోని థిన్నర్ కింది పొరని లేపేసి ముడతలు తెస్తుంది. పగుళ్లు ఉన్నా, కింద తుప్పు బుడగలు ఉన్నా రేకు దాకా తీయాల్సిందే. తీశాక ఆ రోజే ఎపాక్సీ ప్రైమర్ పడాలి. చెన్నై గాలిలో ఒట్టి రేకు రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది.

కింద ఉన్నది కంపెనీ పెయింటే, గట్టిగానే ఉంది, వెలిసింది అంతేనా? అయితే దయచేసి తీయించకండి. పాలిష్ చేయించి అలాగే ఉంచండి. కంపెనీలో పడిన పెయింట్ ఒక్కసారే పడుతుంది, మళ్లీ ఎంత డబ్బు పెట్టినా రాదు.

వానాకాలంలో పెయింట్ పని పెట్టుకోవచ్చా?

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో మామూలు షెడ్‌లో ఎన్‌సీ పని వద్దు. థిన్నర్ వేగంగా ఎగిరిపోతూ రేకుని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ తడి పెయింట్ మీద చేరి తెల్లటి మసక కమ్ముతుంది. పెయింటర్లు దీన్ని బ్లషింగ్ అంటారు. నెమ్మదిగా ఆరే థిన్నర్ కలిపితే కొంత తగ్గుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలలు మేలు.

షెడ్‌లో పెయింటర్ ముక్కుకి గుడ్డ కట్టుకుని టూ-కే కొడుతున్నాడు. పర్లేదా?

అస్సలు మంచిది కాదు. టూ-కే హార్డెనర్లలో ఐసోసయనేట్లు ఉంటాయి. స్ప్రే చేసేటప్పుడు అవి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఉబ్బసం రావచ్చు. ఒకసారి ఒంటికి పడని స్థితి వచ్చిందంటే ఆ మనిషి ఆ పనికే దూరం కావాల్సి రావచ్చు. గుడ్డ, మామూలు దుమ్ము మాస్కు దీన్ని ఆపలేవు. బయటి నుంచి శుభ్రమైన గాలి వచ్చే మాస్కు, గాలి బయటికి లాగే బూత్ ఉన్నచోటే పని ఇవ్వండి. దానికి రేటు ఎక్కువైనా న్యాయమే. మీ కారు అందం కోసం ఇంకొకరి ఊపిరి పోకూడదు.

ఎస్టిమేట్ ఎలా అడగాలి?

పెయింట్ మెటీరియల్, టింకరింగ్ (రేకు సొట్టలు తీసే పని), రుద్దే కూలి, పాలిష్ విడివిడిగా రాసివ్వమనండి. ఎన్ని కోటింగ్‌లు, ఏ బ్రాండ్ హార్డెనర్, రబ్బర్లూ అద్దాలూ తీసి కొడతారా టేపు వేసి కొడతారా, ఇవన్నీ కాగితం మీద ఉండాలి.

## కాగితాలు

రంగు మారిస్తే ఆర్‌సీలో కూడా మార్పించాలా?

మార్పించాలి. ఆర్‌సీలో రంగు రాసి ఉంటుంది కాబట్టి ఆర్‌టీఓ ఆఫీసులో దరఖాస్తు పెట్టి ఆ వివరం మార్పించుకోవాలి. ఇన్సూరెన్స్ వాళ్లకి కూడా రాసి తెలపండి. ఉన్న రంగే మళ్లీ కొట్టిస్తే ఈ టెన్షన్ లేదు.

జీపుకి మిలిటరీ గ్రీన్ కొట్టించొచ్చా?

కుదరదు. సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్, 1989లోని 121వ రూల్ ప్రకారం ఆలివ్ గ్రీన్ రక్షణ శాఖ వాహనాలకే.

వింటేజ్ రిజిస్ట్రేషన్ అంటే ఏమిటి?

2021 జూలైలో కేంద్రం తెచ్చిన రూల్స్ ఇవి. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి, మూలరూపంలో ఉన్న టూ వీలర్లకి, కార్లకి వర్తిస్తాయి. నంబర్‌లో రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అనే అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కి రూ.20,000, పదేళ్లు చెల్లుతుంది. అయితే ఇలా రిజిస్టర్ చేయించిన కారుని రోజూ వాడుకోకూడదు. ప్రదర్శన, ర్యాలీ, పెట్రోల్, మెయింటెనెన్స్ లాంటి అవసరాలకే రోడ్డెక్కాలి. "మూలరూపం" అన్న మాట ఉంది కాబట్టి, పెయింట్ పనికి ముందు, మధ్యలో, తర్వాత ఫొటోలు తీసి దాచుకోండి.

## వేయించాక

పాత ఎర్ర పెయింట్ పాలిపోయి, తుడిస్తే చేతికి పొడి అంటుతోంది. ఇక పోయినట్టేనా?

చాలాసార్లు పోదు. పైపొర మాత్రమే ఎండకి చచ్చిపోయి ఉంటుంది. నేరుగా మెషిన్ పెట్టకుండా, నూనె ఉండే గ్లేజ్ క్రీమ్‌ని మెత్తటి టర్కీ టవల్ ముక్కతో బానెట్ మీద మందంగా పట్టించి రాత్రంతా వదిలేయండి. పొద్దున తుడిస్తే గుడ్డ ఎర్రగా అవుతుంది, కింద తడి తగిలిన ఎరుపు కనిపిస్తుంది. ఇంకోసారి అలాగే పట్టించి, ఆ తర్వాతే చేత్తో తేలికపాటి పాలిష్, చివర్లో వాక్స్. అంచుల మీద, బానెట్ మధ్య గీత మీద గట్టిగా రుద్దకండి, అక్కడ పెయింట్ పల్చగా ఉంటుంది.

కొత్తగా వేయించాం. వాక్స్ ఎప్పుడు పెట్టాలి?

టూ-కే అయితే కనీసం ఒక నెల ఆగండి. సిలికాన్ ఉన్న పాలిష్‌లు ముందు నుంచే మానేయండి. అది మిగిలి ఉంటే తర్వాత ఎప్పుడు టచప్ చేసినా పెయింట్ గుంటలు గుంటలుగా విడిపోతుంది, ఫిష్ ఐ అంటారు దాన్ని.

బోరు నీళ్లతో కడగొచ్చా?

కడగొచ్చు గానీ ఆరనివ్వొద్దు. మన బోరు నీళ్లలోని ఉప్పు, సున్నం ముదురు రంగుల మీద తెల్ల మచ్చలుగా మిగిలిపోతాయి. నీడలో కడిగి, వెంటనే తుడిచేయండి. చివరి బకెట్ మెట్రో వాటర్ అయితే ఇంకా మంచిది.

సిరామిక్ కోటింగ్, పీపీఎఫ్ పాత కారుకి వేయించొచ్చా?

ఎన్‌సీ మీద, పాత ఎనామెల్ మీద పీపీఎఫ్ (పెయింట్ మీద అంటించే పారదర్శకమైన ఫిల్మ్) వద్దు. తీసేటప్పుడు ఫిల్మ్‌తో పాటు పెయింట్ కూడా ఊడొస్తుంది. బాగా ఆరిన టూ-కే మీద సిరామిక్ వేయించినా నష్టం లేదు. అయినా పాత కారుకి వాక్సే చాలు.

కవర్ కప్పి ఉంచితే పెయింట్ నిలుస్తుందా?

గాలి ఆడే గుడ్డ కవరైతే నిలుస్తుంది. ప్లాస్టిక్ కవర్ తడి కారు మీద కప్పితే లోపల ఆవిరి పట్టి పెయింట్ కింద బుడగలు లేస్తాయి. వానలో తడిసొచ్చిన కారుని తుడిచి, తలుపులు తీసి ఒక గంట గాలికి వదిలి, తలుపుల కింద నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోలేదని పుల్లతో చూసుకున్నాకే కవర్ కప్పండి.